పల్చటి షీటు మీద వై-ఫై యాంటెన్నా: తరచుగా అడిగే ప్రశ్నలు

ముద్రించిన యాంటెన్నా అంటే ఎలా ఉంటుంది?

ఈతకోట టోల్ గేటు దాటే కార్ల అద్దాల మీద రోజూ చూస్తున్నదే. ఇంకా అతికించని ఫాస్టాగ్ స్టిక్కరు ఉంటే వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. మధ్యలో ఆవగింజ కన్నా చిన్న చిప్, దానికి అటూ ఇటూ పల్చటి లోహపు గీతలు కనిపిస్తాయి. ఆ గీతలే యాంటెన్నా. దానికి బ్యాటరీ లేదు, 865–867 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. లాప్‌టాప్ మూత లోపల అతికించి ఉండే పల్చటి పట్టీ కూడా ఈ జాతిదే.

ఇక్కడ చెప్పేది 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి, ఇంటి లోపల వాడకానికి పనికొచ్చే రకం గురించి. కాపర్ టేపు కత్తిరించి చేసుకోవచ్చు, పెళ్లి శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ ఫ్రేము మీద వెండి ఇంకుతో అచ్చు వేయించుకోవచ్చు.

దీన్ని పెడితే నెట్ వేగం పెరుగుతుందా?

యాంటెన్నా ఒక్కటే మారిస్తే పెరగదు. రౌటరుతో వచ్చే కర్ర యాంటెన్నా కూడా సాధారణంగా డైపోలే, అంటే చాచిన రెండు చేతుల్లా ఒకే వరసలో ఉండే రెండు లోహపు ముక్కలు. షీటు మీద మీరు చేసేదీ డైపోలే, దాని గెయిన్ (శక్తిని ఒక వైపుకి కూడగట్టే బలం) సుమారు 2 డెసిబెల్. రెండూ ఒకే చోట పెడితే తేడా కనిపించదు.

లాభమంతా చోటులో ఉంది. కోనసీమ మండువా ఇళ్లలో గోడలు ఒకటిన్నర ఇటుక మందం, పైన సున్నం. వానాకాలంలో ఆ గోడ నీరు పీల్చుకుంటే సిగ్నల్ ఇంకా తగ్గుతుంది. స్లాబు ఇళ్లలో కాంక్రీటు లోపలి ఇనుప చువ్వలు అడ్డం. షీటు యాంటెన్నా తలుపు చట్రం మీద, వెంటిలేటరు పక్కన, అల్మరా పైన, కర్ర నిలబడని చోటల్లా ఒదుగుతుంది. రెండు అడుగులు జరిపి గోడ అడ్డం తప్పిస్తే వచ్చే లాభం ఏ ఖరీదైన ఇంకూ ఇవ్వదు. అందుకే చోటు ముందు తేల్చుకోండి, తయారీ తర్వాత.

ఏ ఆకారం వేయాలి? ప్యాచ్ యాంటెన్నా బాగుంటుందని చదివాం.

మొదటిది డైపోల్ చేయండి. ప్యాచ్ అంటే కింద లోహపు పొర, పైన లోహపు ముక్క; ఆ రెండిటి మధ్య మందం కావాలి. ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మందం 0.1 మి.మీ. అంత పల్చటి దాని మీద ప్యాచ్ వేస్తే శక్తి చాలావరకు వేడిగా పోతుంది, బ్యాండు విడ్త్ (బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీల మేర) కూడా సాధారణంగా చాలదు. వై-ఫైకి 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా, అంటే దాదాపు 3.4 శాతం కావాలి. ప్యాచ్ వేసి సిగ్నల్ రాలేదని ఇంకును తిట్టుకోవద్దు, తప్పు మందానిది.

డైపోల్‌కి కింద లోహపు పొర అక్కర్లేదు. కొలతలో కాస్త తేడా వచ్చినా, ఇంకు కాస్త నాసిరకమైనా ఓర్చుకుంటుంది.

డైపోల్ కొలతలు ఎంత?

2.45 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 122.4 మి.మీ. దాంట్లో సగం 61.2. గీత వెడల్పు వల్ల, షీటు వల్ల కొంత తగ్గించాలి. ఒక్కో చెయ్యి 28 మి.మీ. పొడవు, 4 మి.మీ. వెడల్పు, మధ్యలో 2 మి.మీ. సందు. దీంతో మొదలుపెట్టండి.

రెండు చేతుల చివర్లూ అర మిల్లీమీటరు చొప్పున కోస్తే ఫ్రీక్వెన్సీ సుమారు 44 మెగాహెర్ట్జ్ పైకి వెళ్తుంది. పొడవు కోయగలం, అతకలేం. కాబట్టి ఎప్పుడూ కాస్త పొడవుగానే మొదలుపెట్టాలి, రెండు వైపులా సమానంగా కోయాలి.

ఏ షీటు మీద వేయాలి?

100 నుంచి 125 మైక్రాన్ల పెట్ (పాలిస్టర్ ప్లాస్టిక్) షీటు. జిరాక్సు షాపులో దొరికే ఓహెచ్‌పీ షీటు అదే. పసుపు రంగు పాలీఇమైడ్ షీటు వేడికి గట్టిది, సోల్డరింగ్ తట్టుకుంటుంది, కాని ఖరీదెక్కువ. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నీళ్లలో నానబెడితే పాలీఇమైడ్ బరువులో 3 శాతం దాకా తేమ పీలుస్తుంది, పెట్ 1 శాతం లోపే. మన చెమ్మకు చవక షీటే మెరుగు.

ఫోటో పేపరు ప్రయోగాలకు సరే. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి కాగితం నీరు పట్టి ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది, నష్టం పెరుగుతుంది. కాగితం వాడితే రెండు వైపులా లామినేషన్ చేయించాల్సిందే.

కాపర్ టేపుతో ఇంట్లో ఎలా చేయాలి?

కావలసినవి: 25 మి.మీ. వెడల్పు కాపర్ టేపు, ఓహెచ్‌పీ షీటు, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, ఒక చివర యు.ఎఫ్.ఎల్ (బోర్డు మీద నొక్కి పెట్టే చిన్నది) లేదా ఎస్ఎంఏ (మర తిప్పి బిగించేది) కనెక్టర్ ఉన్న పల్చటి కోయాక్సియల్ కేబుల్, 63/37 సోల్డర్ తీగ.

టేపును వెనక కాగితం తీయకుండానే 4 మి.మీ. పట్టీలుగా కోయండి. ఒక్కో చెయ్యీ ఒకే ముక్క కావాలి. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటిస్తే మధ్యలో జిగురు ఉంటుంది, రాగికి రాగి తగలదు. జిగురు కూడా కరెంటు పారేదని రాసిన టేపుల్లోనూ ఆ అతుకు కాలం గడిచేకొద్దీ వదులవుతుంది.

తర్వాత మెట్టులోనే ఎక్కువమంది పాడుచేస్తారు. షీటు మీద అంటించాక సోల్డర్ పెడితే షీటు కరిగి ముడుచుకుంటుంది. అందుకని అంటించకముందే, పట్టీ చెక్క మీద ఉండగానే, లోపలి చివర 3 మి.మీ. మేర టంకం పూత వేసి చల్లారనివ్వండి. వెనక కాగితం అక్కడ కాస్త మాడినా ఫర్వాలేదు. ఆ తర్వాత రెండు పట్టీలూ షీటు మీద ఒకే వరసలో, మధ్య 2 మి.మీ. వదిలి అంటించండి. గోటితో నొక్కి గాలి బుడగలు తీసేయండి.

కేబుల్ చివర పై తొడుగు 5 మి.మీ. తీసి, లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు జడను ఒక పక్కకు పురిపెట్టండి. లోపలి తీగ 2 మి.మీ. బయటికి ఉంటే చాలు. రెండిటికీ ముందే టంకం పట్టించి, తీగ ఒక చేతికి, జడ రెండో చేతికి ఆనించి, ఐరన్ మొన 2 సెకన్లకు మించకుండా తగిలించండి. ముందే పూత ఉంది కాబట్టి వెంటనే పట్టుకుంటుంది. జడలోంచి వెంట్రుక లాంటి పోగు ఒకటి అవతలి వైపు తగిలినా మొత్తం షార్టే. భూతద్దంతో చూడండి, మల్టీమీటరుతో కూడా చూడండి.

కేబుల్‌ను యాంటెన్నాకి లంబంగా కనీసం 30 మి.మీ. దూరం నేరుగా తీసుకెళ్లాకే వంచాలి. చెయ్యి వెంబడి పారిస్తే కేబులే యాంటెన్నాలో భాగమైపోతుంది, కేబుల్ కదిలిన ప్రతిసారీ రీడింగు మారుతుంది.

10 మీటర్ల టేపు చుట్టలో సగం వృథా అయినా 500 యాంటెన్నాలు వస్తాయి. ఖర్చంతా కేబుల్‌దీ కనెక్టర్‌దీ.

శుభలేఖల ప్రెస్సులో అచ్చు వేయించవచ్చా?

వేయించవచ్చు. ఈ పని చేయగల చేతులు పాలకొల్లులో, అమలాపురంలో, భీమవరంలో ఇప్పటికే ఉన్నాయి. బంగారు రంగుతో వినాయకుడి బొమ్మను చెదరకుండా వేయగలిగినవాళ్లకి 4 మి.మీ. గీత లెక్క కాదు. వాళ్లకి కొత్తగా చెప్పాల్సినవి నాలుగే: మెష్, ఇంకు, వేడి, శుభ్రత.

మెష్ (ఫ్రేముకి బిగించే వల గుడ్డ) అంగుళానికి 200 నుంచి 230 దారాలది చాలు. సన్నటి మెష్‌లో వెండి రేకులు ఇరుక్కుని పొర పల్చబడుతుంది. షీటుకీ ఫ్రేముకీ మధ్య 2–3 మి.మీ. ఎత్తు ఉంచాలి. స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పలక) ఒక్క లాగుడు, ఒకే ఒత్తిడి. ఎండాక పొర 8–12 మైక్రాన్లు ఉండాలి.

ఇంకు అంటే వెండి రేకులు కలిసిన పేస్టు. శుభలేఖల మీద వేసే వెండి రంగు ఇంకు కాదు. అందులో ఉండేది అల్యూమినియం పొడి, దాని చుట్టూ రంగు జిగురు, కరెంటు పారదు. పేస్టు గట్టిపడితే ప్రెస్సులో ఉండే థిన్నరు పోయకండి, ఆ పేస్టు తయారీదారు చెప్పినదే వాడాలి. వాడేముందు ప్లాస్టిక్ గరిటెతో అడుగు నుంచి 5 నిమిషాలు కలపాలి. వెండి బరువు, అడుక్కి దిగుతుంది. పైది మాత్రమే తీసి వేస్తే గీత కనిపిస్తుంది, కరెంటు పారదు.

పేస్టు లెక్క వింతగా ఉంటుంది. ఒక డైపోల్‌కి పట్టేది దాదాపు 0.01 గ్రాము. కాని ఫ్రేము మీద లాగుడుకి సరిపడా పోయాలంటే 30–50 గ్రాములు కావాలి. అందుకే నాలుగు యాంటెన్నాల కోసం ఫ్రేము ఎక్కించడం దండగ. ఒక్క షీటు మీద 20–30 బొమ్మలు పేర్చి, పని అంతా ఒక్క పూటలో కానివ్వండి. మిగిలిన పేస్టు తిరిగి డబ్బాలోకి ఎత్తుకోవచ్చు.

వేడి: 120–130 డిగ్రీల్లో 15–20 నిమిషాలు. పెట్ షీటు వేడికి కుంచించుకుపోతుంది కనక అచ్చు వేయకముందే ఖాళీ షీటును అదే వేడిలో అరగంట ఉంచి చల్లార్చండి. ఓటీజీ ఓవెన్ పనికొస్తుంది, కాని దాన్ని మళ్లీ వంటకి వాడకూడదు. ఎండలో ఆరబెడితే చాలదు. చేతికి అంటకపోవడం వేరు, వెండి రేకులు ఒకదానికొకటి దగ్గరగా చేరడం వేరు.

ఇంకు సరిగా ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రతి షీటు అంచున 50 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు గీత ఒకటి అచ్చు వేయించండి. దాంట్లో 1 మి.మీ. చదరాలు 50. మల్టీమీటరు మొనలు రెండూ ఒకదానికొకటి తగిలించి వచ్చిన అంకె గుర్తుంచుకుని, గీత రెండు కొసల మధ్య కొలిచి అందులోంచి తీసేయండి. 2–3 ఓమ్‌లు వస్తే చదరానికి 0.05 ఓమ్, మంచి అచ్చు. 5 దాటితే వేడి చాలలేదనో పేస్టు కలవలేదనో అర్థం.

మన డైపోల్‌లో 4 మి.మీ. చదరాలు 14. కరెంటు మధ్యలో ఎక్కువ, కొసల్లో సున్నా కాబట్టి నష్టం లెక్కలో సగమే వస్తుంది. చదరానికి 0.05 ఓమ్ అయితే నష్టపు నిరోధం 0.35 ఓమ్. గాల్లోకి పోయే శక్తి తాలూకు నిరోధం 73 ఓమ్‌లు. అంటే 99 శాతం పైగా బయటికే పోతుంది. చదరానికి 1 ఓమ్ ఉన్న నాసి అచ్చు అయినా 91 శాతం, నష్టం అర డెసిబెల్ లోపే. ఫోను చూపించే సిగ్నల్‌లో ఆ తేడా పట్టుకోలేరు. సగం ఉడికిన అచ్చుతో అసలు చిక్కు వేరు: చెమ్మకి, వంపుకి అది ముందు రాలిపోతుంది.

కార్బన్ ఇంకు చవక కదా, దాంతో వేస్తే?

వద్దు. చదరానికి 20 ఓమ్‌లు అనుకుంటే పై లెక్క ప్రకారం 34 శాతమే బయటికి పోతుంది. మిగతాది ఇంకులోనే వేడిగా మారుతుంది.

వెండి అచ్చు మీద సోల్డర్ పట్టడం లేదు.

పట్టదు. కరిగిన తగరం వెండిని తనలోకి లాగేసుకుంటుంది, గీత మాయమవుతుంది, కింద షీటు కూడా పోతుంది. వెండి కలిసిన రెండు భాగాల ఎపాక్సీతో అతికించి, 60–70 డిగ్రీల్లో గంట ఉంచండి. దాని మీద మామూలు ఎపాక్సీ బొట్టు పెట్టి కేబుల్‌ను షీటుకి బిగించండి. లాగుడు భారం ఆ బొట్టు మీద పడాలి, వెండి మీద కాదు.

కేబుల్ ఎంత పొడవు వాడొచ్చు?

వీలైనంత తక్కువ. యు.ఎఫ్.ఎల్ తో వచ్చే 1.13 మి.మీ. కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు 3 డెసిబెల్ తినేస్తుంది, అంటే సగం శక్తి. 15–20 సెం.మీ. మించనివ్వకండి. మీటరు దూరం తప్పదంటే ఆర్‌జీ58, ఇంకా మంచిది ఎల్ఎంఆర్200. ఎల్ఎంఆర్200 నష్టం మీటరుకు అర డెసిబెల్ చిల్లర.

కనెక్టర్ కొనేటప్పుడు చూసుకోండి. చాలా రౌటర్లకి ఉండేది ఆర్‌పీ-ఎస్ఎంఏ, అంటే సూదీ రంధ్రమూ తారుమారైన రకం. మామూలు ఎస్ఎంఏ కూడా మర మీద చక్కగా ఎక్కుతుంది, కాని లోపల సూదికి సూది ఎదురుపడుతుంది, లేదా రెండు వైపులా రంధ్రాలే మిగులుతాయి. బిగించాక కూడా సిగ్నల్ లేదంటే మొదట ఇదే చూడండి. యు.ఎఫ్.ఎల్ అయితే పెట్టి తీయడానికి 30 సార్లే లెక్క. ఆ తర్వాత వదులవుతుంది.

నానోవీఎన్ఏతో ఎలా పరీక్షించాలి?

నానోవీఎన్ఏ అంటే యాంటెన్నాలను కొలిచే చిన్న పరికరం. మొదట మోడల్ చూసుకోండి. తొలి రకాలు 2.4 గిగాహెర్ట్జ్ దాకా రావు. 3 గిగాహెర్ట్జ్ వరకు వెళ్లే వీ2 లాంటిది కావాలి. కొలిచేముందు పరికరాన్ని సరిచేసే ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ కేబుల్ చివర, యాంటెన్నా తగిలించే చోట చేయాలి, పరికరం మూతి దగ్గర కాదు. తర్వాత యాంటెన్నాను చివరికి ఉండబోయే చోటే పెట్టి, చేతులు తీసి, కనీసం అర మీటరు దూరం జరిగి చూడండి.

పంపిన శక్తిలో ఎంత వెనక్కి వచ్చిందో డెసిబెల్‌లో చూపే అంకె ఎస్11. అది బ్యాండు అంతటా మైనస్ 10 కన్నా కిందికి ఉంటే వెనక్కి వచ్చేది 10 శాతం లోపే. డైపోల్ 73 ఓమ్‌లు, కేబుల్ 50 ఓమ్‌లు కాబట్టి లోతైన చోట మైనస్ 14–15 కనిపిస్తే అది సరైనదే. మైనస్ 30 రావడం లేదని బాధపడి కోస్తూ పోకండి.

ఎస్11 బాగుంది, సిగ్నల్ మాత్రం లేదు. ఎందుకు?

ఎస్11 చెప్పేది శక్తి వెనక్కి రాలేదని మాత్రమే. గాల్లోకి పోయిందో, ఇంకులోనే వేడిగా మారిందో అది చెప్పదు. 50 ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే మైనస్ 30 వస్తుంది, కాని అది యాంటెన్నా కాదు. తడి కాగితం, పల్చటి ప్యాచ్ ఇలాగే మురిపించవచ్చు. రౌటరుతో వచ్చిన కర్ర యాంటెన్నాను పక్కన పెట్టి పోల్చకుండా ఏ యాంటెన్నానీ బాగుందని ఒప్పుకోవద్దు.

పోల్చడానికి ఫోను చాలు. వై-ఫై బలాన్ని డీబీఎంలో చూపించే యాప్ పెట్టుకోండి. ఛానల్ 1, 6, 11 లలో ఒకదానికి రౌటరును కట్టేయండి. ఫోనును ఒక స్టూలు మీద కదలకుండా ఉంచి, కర్ర యాంటెన్నాతో 10 రీడింగులు, షీటుతో 10, మళ్లీ కర్రతో 10 రాసుకోండి. మనిషి అటూ ఇటూ నడిచినా 5 డెసిబెల్ ఊగుతుంది కాబట్టి ఒక్క రీడింగు చూసి నిర్ణయించకూడదు. సగటులో 3 డెసిబెల్ తేడా అంటే శక్తిలో రెట్టింపు.

ఎక్కడ అతికించాలి?

చెక్క, ప్లాస్టిక్, పొడి ప్లైవుడ్ మీద మొహమాటం లేకుండా అతికించండి. గోడ మీద నేరుగా వద్దు, 10 మి.మీ. థర్మోకోల్ ముక్క వెనక పెట్టండి. థర్మోకోల్ రేడియోకి దాదాపు గాలితో సమానం, గోడ చెమ్మను దూరంగా ఉంచుతుంది.

కిటికీ అద్దం మీద అయితే ఫ్రీక్వెన్సీ కొన్ని వందల మెగాహెర్ట్జ్ కిందికి పడిపోతుంది. గాల్లో కోసి సరిచేసింది అక్కడ పనికిరాదు. అద్దం మీదే అంటించి, అక్కడే చేతులు కోస్తూ రండి.

ఇనుప బీరువాకీ, ఫ్రిజ్‌కీ, రేకుకీ ఆనించి అంటిస్తే చచ్చినట్టే. 73 ఓమ్‌ల నిరోధం కొన్ని ఓమ్‌లకు పడిపోతుంది. కాని అదే రేకుని మిత్రుడిగా మార్చుకోవచ్చు. మేత గోదాముకో, రేకుల షెడ్డుకో పెడుతుంటే రేకుకి 30 మి.మీ. ముందుకు, థర్మోకోల్ దిమ్మ మీద నిలపండి. వెనక్కి పోయే తరంగం రేకు మీద తగిలి ముందుకు తిరిగి వచ్చి కలుస్తుంది. గెయిన్ 7 డెసిబెల్ దాకా పెరుగుతుంది. రేకు వెనక వైపు మాత్రం ఏమీ ఉండదు.

ఒకే అంతస్తుకి నిలువుగా పెట్టండి. డైపోల్ కొసల వైపు దాదాపు ఏమీ పోదు, కాబట్టి మేడ మీదికి కావాలంటే అడ్డంగా తిప్పి చూడండి.

ఉప్పు గాలికి, వానకి ఎన్నాళ్లు ఆగుతుంది?

అంతర్వేది, నరసాపురం, కాకినాడ వైపు రాగి పచ్చబడటానికి ఒక వానాకాలం చాలు. చెరువుల దగ్గర వెండి పట్టీలు నల్లబడినట్టే వెండి అచ్చూ నల్లబడుతుంది, బురదలోంచి వచ్చే గంధకపు వాయువు వల్ల. రెండిటికీ మందు లామినేషన్. జిరాక్సు షాపులోని 125 మైక్రాన్ల పౌచ్ సరిపోతుంది. పౌచ్ వేశాక ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతుంది, ఇక కోయడానికీ కుదరదు. కనుక మొదటి యాంటెన్నాను వేయకముందు, వేశాక కొలిచి, దిగినంత మేర మిగతావాటిని ముందే పైకి కోసి ఉంచండి.

కేబుల్ బయటికి వచ్చే చోటు సిలికాన్‌తో మూయాలి. పెట్టేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి.

ఎంత వంచవచ్చు?

50 మి.మీ. పీవీసీ గొట్టానికి చుట్టినా పనిచేస్తుంది. మడత మాత్రం పడకూడదు. వెండి అచ్చు లోపలి వైపు ఉండేలా వంచండి. బయటి వైపు ఉంటే సాగి పగుళ్లు వస్తాయి, కంటికి కనిపించవు, మీటరు చెబుతుంది.

రొయ్యల చెరువు సెన్సర్ల లోరా గేట్‌వేకి ఇదే వాడొచ్చా?

లోరా అంటే తక్కువ శక్తితో దూరం పోయే రేడియో, గేట్‌వే అంటే సెన్సర్ల సిగ్నల్ అందుకునే పెట్టె. ఇంట్లో ఉండే గేట్‌వేకి వాడొచ్చు. 866 మెగాహెర్ట్జ్‌కి ఒక్కో చెయ్యి 80 మి.మీ. తో మొదలుపెట్టండి. గట్టు మీద ఎండకీ వానకీ ఉండే సెన్సర్‌కి షీటు వద్దు, మూసిన కడ్డీ యాంటెన్నా పెట్టండి.

5 గిగాహెర్ట్జ్‌కి?

చెయ్యి 13 మి.మీ. దగ్గర ఉంటుంది, 0.2 మి.మీ. తప్పు కూడా తెలుస్తుంది. బ్లేడుతో కష్టం. స్టిక్కరు షాపుల్లోని వినైల్ కటింగ్ మెషీన్ మీద కాపర్ టేపు కోయించండి.

లైసెన్సు కావాలా?

మన దేశంలో 2400–2483.5 మెగాహెర్ట్జ్ ఇంటి వాడకానికి లైసెన్సు అక్కర్లేదు. ట్రాన్స్‌మిటర్ 1 వాటు, యాంటెన్నా గెయిన్‌తో కలిపి 4 వాట్లు హద్దు. 0.1 వాటు రౌటరుకి డైపోల్ పెడితే ఆ దరిదాపులకి కూడా పోరు. రేడియో ఉన్న పరికరం తయారుచేసి అమ్మాలంటే మాత్రం డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) నుంచి ఈటీఏ (పరికరానికి ఇచ్చే ఆమోదం) తీసుకోవాలి.

రౌటరుకి రెండు యాంటెన్నాలున్నాయి, ఒకటే మార్చవచ్చా?

మార్చవచ్చు. రెండిటి మధ్య కనీసం 60 మి.మీ. ఎడం ఉంచి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టండి. తీసేసిన చోటు ఖాళీగా వదిలి రౌటరు ఆన్ చేయకండి. షీటు యాంటెన్నా కేబుల్ బిగించాకే కరెంటు ఇవ్వండి.